ఈగల గదిలో ఇద్దరు

పోయిన వారం మనం ఆ రేకుల షెడ్డులో, చచ్చిన పురుగుల ట్రేల ముందు ఆగిపోయాం. ఇప్పుడే కథలోకి అడుగుపెడుతున్నవాళ్ళ కోసం జరిగింది కాస్త చెప్పుకుందాం. ఊరి అంచున ఉన్న ఆ ఇంట్లో భార్యాభర్తలు, భర్త చెల్లెలు కలిసి ఒక రకం నల్ల ఈగల్ని పెంచుతున్నారు. అవి కుట్టవు, కరవవు, అన్నం మీద వాలవు. వాటి పిల్లపురుగులు బజారులో మిగిలిపోయిన కుళ్ళు కాయగూరల్ని పగలూ రాత్రీ నమిలి, మెత్తని నల్లటి ఎరువు చేసి పెడతాయి. ఆ ఎరువుతో ఇంటి ముందరి మడుల్లో పాలకూర, ముల్లంగి, టమాటా పండిస్తారు. ప్రసూతి ఆసుపత్రి వంటగదివాళ్ళు ఆ కూరలు తప్ప ఇంకోటి ముట్టమన్నంతగా అలవాటుపడ్డారు. అంతా బాగుందనుకుంటుండగా, ఒకరోజు తెల్లారేసరికి ట్రేల్లో ఒక్క పురుగు కూడా కదల్లేదు. మందు కొట్టిన సరుకు తెచ్చి పోశావంటూ, కుళ్ళు తోలే బండి బాబాయ్‌ని భర్త వీధిలో అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. బాబాయ్ ఎదురు చెప్పకుండా బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇక మిగిలినవల్లా ఈగల గదిలో ఎగురుతున్న ఈగలే. అవి పెట్టే గుడ్లతోనే మళ్ళీ మొదలుపెట్టాలి.

ఆ ఇంటావిడను వీధి వీధంతా ఈగలమ్మ అంటుంది. మొదట్లో వెక్కిరించడానికే అన్నారు. పోను పోను అదే ఖాయమైపోయి, మీటరు చూడడానికి వచ్చిన మనిషి కూడా "ఈగలమ్మగారిల్లు ఇదేనాండీ?" అని మర్యాదగా అడిగే దాకా వచ్చింది. ఆమె కూడా "ఇదేనండీ, రండి" అనేది.

పురుగులు చచ్చిన కొన్నాళ్ళకు, ఒక ఉదయం ఈగలమ్మ కుళాయి దగ్గర కూర్చుని ఖాళీ ట్రేలు తోముతోంది. తోమిన ట్రేలు ఇదివరకే కొన్ని ఆరబెట్టింది. ఇంకా నీళ్ళు తగలని ట్రే ఒకటి చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. అంచున ఎండిపోయిన బొప్పాయి తొక్క ఒకటి అతుక్కుని ఉంది. దాని చుట్టూ చీమలు చచ్చి పడి ఉన్నాయి. తియ్యటి తొక్క కోసం వచ్చిన చీమలు తిరిగి వెళ్ళలేదు.

ఆమె ట్రేని ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన వాసన కింద ఇంకో వాసన ఉంది. కిరోసిన్‌లాంటిదే కానీ కిరోసిన్ కాదు. ఎక్కడ పీల్చిందో గుర్తుకు రావడానికి కొంచెం సేపు పట్టింది. గుమ్మానికి చెదలు పట్టినప్పుడు వడ్రంగి పూసిన మందు అది. ఇల్లంతా ఘాటెక్కి, రెండు పూటలూ బయటే వండుకున్నారు.

ఆమె చెయ్యి కడుక్కోకుండానే సామాన్ల గదిలోకి వెళ్ళింది. పాత బకెట్లు, విరిగిన జల్లెడ, తుప్పు పట్టిన పార, అన్నిటి మీదా వేలితో రాసేంత దుమ్ము. ఆ మూల చెదల మందు డబ్బా పిడి మీద మాత్రం దుమ్ము లేదు. ఎత్తి చూసింది. తేలిగ్గా లేచింది.

"అయ్యో బాబాయ్" అనుకుంది మొట్టమొదట. మనింట్లో డబ్బా పెట్టుకుని ఆ పెద్దమనిషిని అన్నేసి మాటలు అన్నామే అనుకుంది. భర్త ముందు వసారాలో పాలకూర కట్టలు కడుతున్నాడు, ఆసుపత్రి వ్యాను వచ్చే వేళయింది. పని మధ్యలో చెబితే అతను ఏ మాటా సరిగ్గా వినడు. ముందు చిట్టితో చెప్పి, ఇద్దరం కలిసి వెళ్ళి చెబుదామనుకుని, డబ్బా పట్టుకుని షెడ్డు వెనకున్న ఈగల గది వైపు నడిచింది.

చిట్టి ఆమె ఆడపడుచు. పేరుకే చిట్టి. పిండి మూట భుజాన వేసుకుని గబగబా మెట్లెక్కే మనిషి. పాడైన మోటారు విప్పి మళ్ళీ బిగించేది కూడా ఆ ఇంట్లో తనే.

ఈగల గదికి రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తియ్యాలి, లేకపోతే ఈగలు బయటికి పోతాయి. బయటి తలుపు ఇనుప రేకుది. దాని గడియ వదులై, గట్టిగా వేస్తే తనంతట తనే జారి కొక్కెంలో పడుతోంది. ఈగలమ్మ చేతిలో డబ్బా ఉండడంతో తలుపును మడమతో వెనక్కి తన్నింది. లోపలి తలుపు తీసుకుని వెళ్ళి అది కూడా మూసింది.

లోపల గది నిండా ఎండ. ఇనుప గొట్టాల చట్రానికి చుట్టూ, పైనా సన్నని నైలాన్ వల. ఈగలు వల మీద నల్లగా వాలి, ఎండ మారినప్పుడల్లా లేచి ఇంకో వైపుకు పోతున్నాయి. చిట్టి ముక్కాలిపీట మీద కూర్చుని, చెక్కపట్టీల సందుల్లోంచి చిన్న బ్లేడుతో గుడ్లు గీసి గిన్నెలోకి తీస్తోంది.

"చిట్టీ, ఇది చూడు."

చిట్టి తలెత్తి డబ్బా చూసింది. ఏంటది వదినా అనలేదు. ఎక్కడ దొరికిందీ అనలేదు. బ్లేడును గిన్నె పక్కన జాగ్రత్తగా పెట్టింది.

"బాబాయ్ తప్పేమీ లేదే. ట్రేలన్నీ ఈ మందు వాసనే. మనింటి డబ్బానే. ఎవరో తెచ్చి పోశారు. మీ అన్నయ్య పొయ్యరు, నేను పొయ్యలేదు, ఇక..."

చిట్టి నేల వైపు చూస్తోంది.

"నేనే" అంది చిట్టి.

ఈగలమ్మకు నవ్వు వచ్చినంత పనైంది. "ఊరుకోవే" అంది. "ఇదేం వేళాకోళం?"

"వేళాకోళం కాదు వదినా. నేనే పోశాను. మేతలో కలిపి పోశాను. మీరిద్దరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు."

"ఎందుకు?"

ఒక ఈగ వచ్చి చిట్టి మోచేతి మీద వాలింది. దాన్ని తోలలేదు.

"రేవులో క్రేన్ నడపడం నేర్పుతాం, చేరమని నన్ను పిలిచారు. గుర్తుందా?"

"ఉంది."

"మొదటి పంట చేతికొచ్చాక వెళ్ళమన్నాడు అన్నయ్య. వచ్చింది. ఆసుపత్రివాళ్ళు కుదిరాక అన్నాడు. కుదిరారు. రెండో షెడ్డు లేచాక పంపిస్తానని ఒట్టు పెట్టాడు. షెడ్డు లేచింది వదినా. నేనే లేవలేదు, ఇక్కడే ఉన్నాను. ఈ నెల దాటితే ఇంకెవర్నో తీసుకుంటారు."

"నాతో చెప్పొచ్చుగా! ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పాను. నువ్వేమన్నావు? 'కాస్త ఓపిక పట్టమ్మా, నువ్వెళ్తే నా చేతులు విరిగినట్టే' అన్నావు. అని నా జడ దువ్వావు. ఒక తిట్టు తిట్టుంటే పోట్లాడి, బ్యాగు సర్దుకుని పోయేదాన్ని. అంత ప్రేమగా చెప్తే ఎలా పోతాను?"

ఈగలమ్మ డబ్బాను కింద పెట్టింది.

"పురుగులు లేకపోతే షెడ్డు మూతపడుతుంది, అన్నయ్య నన్ను వదిలేస్తాడనుకున్నా. మర్నాడు ఏమన్నాడో విన్నావుగా. 'మళ్ళీ మొదట్నుంచీ మొదలెడదాం, ఇక చిట్టి ఎక్కడికి వెళ్ళేదీ లేదు' అన్నాడు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను." చిట్టి గిన్నెను పక్కకు జరిపింది. "బాబాయ్‌ని తిడుతుంటే గోడవతల నిలబడి అంతా విన్నాను. నోరు తెరుద్దామనుకున్నా. పెగల్లేదు వదినా. ఆయన నా చిన్నప్పుడు బండి మీద ఎక్కించుకుని బజారంతా తిప్పేవాడు."

ఈగలమ్మకు ఆ పిల్లను చాచి కొట్టాలనిపించింది. దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక, వలకు ఆనుకుని నిలబడింది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకూ కుట్టుపని కొట్టు ఒకటి పెట్టుకోవాలని ఉండేది. ఆ సంగతి ఎవరూ కాదనలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అన్నారంతే. ఆ మాటే ఆమె చిట్టితో అంది. అంటున్నప్పుడు అది తనకు చెప్పిన మాటేనని తట్టనే లేదు.

"పోనీలే" అంది చిట్టి, కళ్ళు తుడుచుకుంటూ. "పురుగులు పోయాయి, అంతేగా. ఆ ట్రేల్లోదంతా పారబోసేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇంకా పెద్ద పాపం అయ్యేది."

"పారబోశామని నీకెవరు చెప్పారు?"

"నేనే చెప్పా కదా అన్నయ్యకి, ఊరవతల గొయ్యి తీసి పూడ్చెయ్యమని. సరే అన్నాడు."

ఈగలమ్మ తన చేతులకేసి చూసుకుంది. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా రేగి, ముట్టుకుంటే మండుతోంది. కొత్త సబ్బు పడలేదనుకుంది ఇన్నాళ్ళూ.

"పూడ్చలేదు" అంది. "పురుగు చస్తే చచ్చింది, అది తిన్నదంతా ఎరువే కదా, ఊరికే పారేస్తామా అన్నారు మీ అన్నయ్య. నువ్వు బజారుకు వెళ్ళినప్పుడు ఎండబెట్టి జల్లెడ పట్టాం. పాలకూర మడికి చల్లింది నేనే. ఈ చేతుల్తోనే. దగ్గరుండి మొక్క మొక్కకీ వేశాను."

చిట్టి ముక్కాలిపీట మీంచి లేచింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వసారాలో కట్టలు కడుతున్నది ఆ మడిలోని పాలకూరే. ఆసుపత్రిలో ఉన్నది నిండు నెలల ఆడవాళ్ళు, పాలిచ్చే తల్లులు.

ఈగలమ్మ లోపలి తలుపు తీసి, మధ్యలో ఉన్న సందులోకి దూకి, బయటి రేకు తలుపును తోసింది. అది కదల్లేదు. మళ్ళీ తోసింది. గడియ పడిపోయింది. భుజంతో గుద్దింది. రేకు దబదబలాడింది కానీ గడియ మాత్రం కొక్కెంలో గట్టిగా కూర్చుంది.

"ఏమండీ!" అని అరిచింది. "ఏమండీ! తలుపు తియ్యండి!"

షెడ్డు పక్కన నీళ్ళ మోటారు గుర్రుమని తిరుగుతోంది. అది ఆడుతుంటే ఇక్కడి కేక వసారా దాకా చేరదు. చిట్టి కూడా వచ్చి, ఇద్దరూ గొంతు చించుకుని అరిచారు. ఎవరూ రాలేదు.

"ఫోను?"

"కుళాయి గట్టు మీద పెట్టొచ్చాను. నీది?"

"చేతులు జిగటని లోపలికి తేను కదా. వంటింట్లో ఉంది."

అప్పుడు వీధి వైపు నుంచి హారన్ మోగింది. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. ఆసుపత్రి వ్యాను డ్రైవరు ఎప్పుడూ అలాగే కొడతాడు. గంపలు ఎక్కించుకుని, ఒక గ్లాసు నీళ్ళు తాగి వెళ్ళిపోతాడు. అంతకంటే ఎక్కువ సేపు ఆగడు.

ఈగలమ్మ వెనక్కి వచ్చి బ్లేడు చేతిలోకి తీసుకుంది. చిట్టి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు వదినా!"

"వదులు."

"ఇవే మిగిలాయి వదినా! గిన్నెలోవి చిటికెడే, ఇవి పోతే ఇక గుడ్లుండవు, పురుగులుండవు, మళ్ళీ మొదలెట్టడానికి ఏమీ ఉండదు!" చిట్టి వలవలా ఏడుస్తోంది. ట్రేల నిండా పురుగుల్ని చంపిన మనిషే ఇప్పుడు ఈగల కోసం ఏడుస్తోంది. "నేను ఉంటాను. ఎక్కడికీ పోను. ఇంకోసారి అరుద్దాం, వింటారు!"

"వాళ్ళు తింటారే" అంది ఈగలమ్మ.

చిట్టి చెయ్యి వదిలేసింది.

వల ఊహించినంత సులువుగా తెగలేదు. గాలికి చిరగకూడదని ఏరికోరి గట్టిది కొన్నారు. మొదటి గాటు పడ్డాక చిట్టి కూడా రెండు చేతులా పట్టుకుని లాగింది. చర్రుమని నడుము ఎత్తు నుంచి నేల దాకా చిరిగింది. ఎండ పడుతున్న వైపే దారి దొరకడంతో ఈగలు ఒక్క ఊపున లేచాయి. ఈగలమ్మ నోరు మూసుకుని, తల వంచుకుని ఆ చిరుగులోంచి దూరింది. ఆమె జుట్టు మీంచి, భుజాల మీంచి ఈగలు బయటికి పోతూనే ఉన్నాయి. గొట్టానికి చీర కుచ్చెళ్ళు పట్టుకుంటే లాగేసుకుంది. చిరిగిన చప్పుడు కూడా వినలేదు.

ఆమె వసారా మలుపు తిరిగేసరికి డ్రైవరు వ్యాను వెనక తలుపు మూస్తున్నాడు.

"ఆగండి! దించెయ్యండి! గంపలన్నీ దించెయ్యండి!"

భర్త విస్తుపోయి చూశాడు. రేగిన జుట్టుతో, చిరిగిన చీరతో, చేతిలో బ్లేడుతో వచ్చిన భార్యను చూశాడు. తర్వాత ఆమె వెనక షెడ్డు కప్పు మీద మబ్బులా తిరుగుతున్న ఈగల్ని చూశాడు.

"అవి బయటికెలా వచ్చాయి?"

"వల కోశాను."

"కోశావా! పిచ్చిగానీ పట్టిందా నీకు? ఏం మిగిల్చావిక?"

"ఆ పాలకూర ఎవరూ తినకూడదు. దాంట్లో మందుంది."

అప్పటికి చిట్టి వచ్చింది. చెదల మందు డబ్బా తెచ్చి వసారా మెట్టు మీద, అన్నయ్య కాళ్ళ దగ్గర పెట్టింది. "నేనే పోశాను అన్నయ్యా. పురుగులకి. నువ్వు ఎరువు చేస్తావని తెలీదు."

అతను డబ్బా వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. మెట్టు మీద చతికిలబడ్డాడు. ఈ ఇంట్లో ఎవరి మీదైనా అరవడానికి అతనికి కారణం అక్కర్లేదు. ఆ క్షణాన మాత్రం అరుపు రాలేదు.

డ్రైవరు వ్యాను తలుపు తెరిచి గంపలన్నీ తనే దించి, గోడవార పెట్టాడు. "నా బండిలో వద్దు తల్లీ" అని, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

ఈగలమ్మకు ఊపిరి కాస్త ఆడింది. గండం గడిచిందనుకుంది. అనుకుంటూనే గంపల వైపు చూసింది, వాకిట్లో మడి వైపు చూసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా పాలకూర నున్నగా కోసేసి ఉంది. గోడవార ఉన్న గంపల్లో అందులో సగం కూడా లేదు.

"ఏమండీ, మిగతా కూర ఏది?"

అతను మెట్టు మీది డబ్బాను పక్కకు జరిపాడు.

"మడి మొత్తం కోశారు కదా. మిగతాదేది?"

"పొద్దున్నే పంపేశాను" అన్నాడు నేల చూపులతో.

"ఎవరికి? ఆసుపత్రికి తప్ప ఇంకెవరికీ ఇవ్వమని మాటిచ్చాం కదా!"

"గట్టిగా అరవకు." అతను కుళాయి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. అంత భయం అతని ముఖంలో ఆమె ఎన్నడూ చూడలేదు. "విను. ఈ సంగతి బయటికొస్తే చిట్టిని తీసుకుపోతారు. కోసి అమ్మింది నేను, నన్నూ తీసుకుపోతారు. చల్లింది నువ్వు. నీ చేతులు చూస్తే చాలు, వాళ్ళకి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. ఇంటికి తాళమే."

"తినేస్తారండీ! ఎవరికిచ్చారో చెప్పండి!"

"నేనే వెళ్తా. ఆకుకి పురుగు పట్టిందనో, బురద ఉందనో ఏదో ఒకటి చెప్పి తెచ్చేస్తా. డ్రైవరుకి నేను చెప్పుకుంటా, మీరిద్దరూ ఎవరి దగ్గరా నోరెత్తమని ముందు మాటివ్వండి. అప్పుడే చెప్తా."

"ఈలోపు వండేసి ఉంటే? బురద ఉందంటే కడుక్కుని తింటారు అన్నయ్యా!" అంది చిట్టి.

"నువ్వు మాట్లాడకు!" అప్పుడు వచ్చింది అరుపు. మళ్ళీ భార్య వైపు తిరిగాడు. "మాటివ్వు."

మాట ఇవ్వకపోతే అతను చెప్పడు. ఇస్తే, తిన్నవాళ్ళకి ఏం తిన్నారో తెలియకుండా జీవితాంతం నోరు కుట్టుకుని ఈ ఇంట్లోనే తిరగాలి. వల చిరిగింది గానీ, దాంట్లోంచి బయటపడ్డది ఈగలొక్కటే అనిపించింది ఆమెకు.

"ఇస్తున్నాను" అంది. "చెప్పండి."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. ఎన్నేళ్ళుగానో ఆమె ఏది పెడితే అది తిన్నాడు, ఏది చెబితే అది నమ్మాడు. ఇప్పుడు తల అడ్డంగా ఊపాడు.

"నీకు అబద్ధం ఆడడం చాతకాదు" అన్నాడు.

గోడకు ఆనించిన మోటారుసైకిల్ తీశాడు. ఈగలమ్మ వెనక సీటు పట్టుకుని లాగింది. బండి ముందుకు ఉరకడంతో చెయ్యి జారింది. చిట్టి పరిగెత్తి గేటు వెయ్యబోయింది, అప్పటికే అతను గేటు దాటిపోయాడు. వీధి మలుపులో బజారు వైపు తిరుగుతాడనుకున్నారు ఇద్దరూ. అతను ఎడమ పక్కకు తిరిగాడు.

డ్రైవరు తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి, ఆ మలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఆయనేంటమ్మా అటెళ్తున్నాడు? ఇంకా ఎక్కడికైనా పంపారా ఈ కూర?"

"పంపారట. ఎక్కడికో చెప్పలేదు. అటు పక్క ఇంత కూర ఎవరు కొంటారు బాబూ?"

"అటు పక్క గంపలకి గంపలు కొనేవాళ్ళు..." డ్రైవరు మాట మధ్యలో ఆగిపోయాడు. తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ వ్యాను వైపు పరిగెత్తాడు. "ఎక్కండమ్మా, ఇద్దరూ ఎక్కండి! అటున్నది పసిపిల్లల బడి ఒక్కటే. మా చిన్నది అక్కడే చదువుతోంది. ఈపాటికి కంచాలు పెట్టేసుంటారు!"